ఆది జాకెట్టు ఎన్నేళ్ల కిందటిది?

చిక్కడపల్లి, హైదరాబాద్

బిడ్డా,

నీ వ్యాసం అంది పది రోజులైంది. 'మోడలింగ్: ఒక సమగ్ర పరిచయం' అని పేరు. పదకొండు పేజీలు, పద్నాలుగు ఉపశీర్షికలు. 'మోడలింగ్ అనే పదానికి వివిధ రంగాల్లో అనేక అర్థాలున్నాయి' అన్న మొదటి వాక్యం దగ్గరే పక్కన పెట్టేశాను. ఉంటే ఏంటి? మనకు 'పట్టు' అనే మాట ఉంది. పట్టు చీర, కుస్తీ పట్టు, తలనొప్పికి వేసే శొంఠి పట్టు, మొండిపట్టు. అంతమాత్రాన పట్టు మీద ఎవరైనా సమగ్ర పరిచయం రాస్తారా?

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంకేం తోచక కిటికీ దగ్గర కూర్చుని నీ కాగితాలు మళ్లీ తీశాను. ఆరో పేజీలో, డేటా మోడలింగ్‌కూ ఫైనాన్షియల్ మోడలింగ్‌కూ మధ్య, జాతరలో తప్పిపోయిన పిల్లల్లా రెండు వాక్యాలు కనిపించాయి. మీ అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుందని ఒకటి. ఎవరైనా ఆది జాకెట్టు తెచ్చిస్తే, చేతిలోకి తీసుకోకముందే 'ఇది ఎన్నేళ్ల కిందటిదమ్మా?' అని అడుగుతుందని రెండోది.

ఆ రెండు వాక్యాల కోసమే ఈ ఉత్తరం. మిగతా పది పేజీలు బాగానే ఉన్నాయి. బాగానే ఉండటమే వాటి జబ్బు.

ఆది అంటే ఏంటి? ఒంటికి నమూనా. మనిషి రాకపోయినా ఆమె కొలతలు వస్తాయి. భుజం, చంక, నడుము, మెడ లోతు. గుడ్డ రంగుతో పని లేదు, కట్టుకునే మనిషి పేరుతో కూడా పని లేదు. కుట్టడానికి కావలసినవి ఉంచుకుని తక్కినవన్నీ వదిలేసింది ఆ జాకెట్టు. కానీ అది ఒకప్పటి ఒంటిది. ఈ మధ్యలో ఆమెకు ఒక కాన్పు అయి ఉండొచ్చు, జబ్బు చేసి చిక్కి ఉండొచ్చు. మీ అమ్మ అడిగేది దాని గురించే. నువ్వు పద్నాలుగు శీర్షికల్లో ఒక్కచోట కూడా ఆ ప్రశ్న వేయలేదు.

నమూనా అంటే ఏమిటో నిర్వచించడం నీ పని కాదు. దాన్ని ఎవరు చేశారు, ఏ అవసరానికి చేశారు, ఆ అవసరం కోసం దేన్ని వదిలేశారు, దేన్ని తెలిసి తెలిసి తప్పుగా పెట్టారు, ఇవి రాయాలి. నలభై ఏళ్లుగా ఇదే పాట పాడుతున్నానని మా ఇంట్లోవాళ్లకు నా మీద ఫిర్యాదు. పాడనీ.

తెలిసి తెలిసి తప్పుగా పెట్టడం ఏంటంటావా? మా నాయన బాలానగర్‌లో ఒక ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్. చెక్కతో ప్యాటర్న్ చేస్తాడు. దాన్ని ఇసుకలో దట్టించి తీస్తే ఆ ఆకారంలో గుంట మిగులుతుంది, అందులో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. పోత ఇనుమైతే మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, ఉక్కయితే దాదాపు దానికి రెట్టింపు. కాబట్టి ప్యాటర్న్ ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ప్రతిసారీ లెక్క కట్టుకునే పని లేకుండా వాళ్లకు వేరే స్కేలు ఉంటుంది, ష్రింకేజ్ స్కేలు. దాని మీద మీటరు అని ఉన్నది నిజానికి మీటరు మీద ఒక సెంటీమీటరు.

ఏడో తరగతిలో ఆ సంగతి తెలియక నాయన స్కేలు బడికి పట్టుకుపోయాను. 20 సెంటీమీటర్ల గీత గీయమన్నారు. గీశాను. లెక్కల సారు తన స్కేలు పెట్టి చూస్తే రెండు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. మళ్లీ గీయమన్నాడు. మళ్లీ అంతే. వెటకారం చేస్తున్నాననుకుని అరచేతులు వాచేలా కొట్టాడు. సాయంత్రం నాయనకు చేతులు చూపిస్తే నవ్వాడు. "స్కేలు కరెక్టే ఉంది రా. నువ్వు గీసింది ఇనుము కాదు, అంతే."

ఇరవై ఏళ్ల తర్వాత ఇదంతా ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి రాశాను. ఎడిటర్‌గారు భాషాభిమాని. ప్యాటర్న్ అన్నచోటల్లా 'ప్రతిరూపిక' అని, ఫౌండ్రీ అన్నచోటల్లా 'లోహద్రవణశాల' అని దిద్దారు. స్కేలు కథ 'వ్యక్తిగతం' అని కొట్టేశారు. అచ్చయ్యాక నాయనకు చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మంచిగుంది. ఎవరి గురించి రాసినవ్ ఇది?" అన్నాడు. ఆ ఎడిటర్ ఇప్పుడు లేరు. నా కోపం మాత్రం పోలేదు.

అందుకే, మోడలింగ్‌కు 'ప్రతిరూపకల్పన' అంటే సరిపోతుందా అని నువ్వడిగితే ఒళ్లు మండింది. సరిపోదు. అసలు ఒకే మాట ఎందుకు దొరకాలి? లాటిన్‌లో 'మాడ్యులస్' అంటే చిన్న కొలత. దాన్నుంచి పుట్టిన మాటను ఇంగ్లీషువాళ్లు అన్నిటికీ వాడుకున్నారు, అది వాళ్ల ఇష్టం. మనకు పని పనికీ మాట ఉంది. పంతులు పలక మీద రాసిచ్చి దిద్దమనేది ఒరవడి. బియ్యం కొట్లో అరచేతిలో పోసి చూపించేది మచ్చు. బెల్లం పోసేది అచ్చు. దర్జీకి ఇచ్చేది ఆది. దరఖాస్తుకు నమూనా, పార్సీ నుంచి వచ్చి మనింట్లో మనిషైపోయింది. అనుసరించదగ్గ మనిషి ఆదర్శం. సంస్కృతంలో ఆదర్శమంటే అద్దం కూడా, అది గుర్తుంటే ఆ మాట కొంచెం జాగ్రత్తగా వాడతాం. ఎక్కడ ఏది నప్పితే అది రాయి. ఏదీ నప్పకపోతే మోడల్ అనే రాయి. టెన్త్ పిల్లలు కోఠీకి పోయి మోడల్ పేపర్లు ఇమ్మని అడుగుతారు గానీ ప్రతిరూప ప్రశ్నపత్రాలు ఇమ్మని అడగరు కదా.

ర్యాంప్ మోడల్స్ గురించిన నీ మొదటి విభాగం తీసెయ్యి. పారిస్‌లో దుస్తులు కుట్టే వర్త్ 1850లలో తన భార్య మేరీ వెర్నే చేత కొత్త గౌన్లు తొడిగించి కొనేవాళ్లకు చూపించేవాడని రాసిన వాక్యం ఒక్కటి ఉంచు. అది మీ అమ్మ ఆదికి సరిగ్గా తిరగేసినది. అక్కడ బట్ట ఒంటి కోసం కాదు, ఒళ్లే బట్ట కోసం. శిల్పుల భాగం పర్వాలేదు. మట్టి మెత్తుతూ పోతే మోడలింగ్, రాతిని తొలుస్తూ పోతే చెక్కడం అన్న తేడా బాగా చెప్పావు. కానీ దానికోసం ఇటలీ దాకా ఎందుకు పోయావు? వినాయక చవితికి ముందు ధూల్‌పేట సందుల్లో ఒక పూట నిలబడితే మట్టి మెత్తడమూ, అచ్చు తీయడమూ రెండూ కనిపిస్తాయి.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఎనిమిదో విభాగం, అంటువ్యాధుల మోడలింగ్. అందులో లండన్ ఉంది, జెనీవా ఉంది, బేగంపేట లేదు. నువ్వుండేది అమీర్‌పేట హాస్టల్లో!

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సికింద్రాబాద్‌లో ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన పేరు పెట్టిన భవనం బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఉంది. 1902లో నోబెల్ వచ్చింది. మన బడి పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నీకు పనికొచ్చే కథ ఆ తర్వాతే మొదలవుతుంది. దోమలే కారణమని తేలాక చాలామంది పెదవి విరిచారు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం, కాబట్టి ఈ పోరు దండగ అన్నారు. రాస్ కాగితం మీద లెక్క వేశాడు. ఊళ్లో జనం ఇంతమంది, అందులో జబ్బున్నవాళ్లు ఇంతమంది, దోమలు ఇన్ని, వాటిలో కుట్టేవి ఇన్ని, కుట్టాక క్రిమి ఎదిగేదాకా బతికేవి ఇన్ని. తేలిందేమిటంటే దోమలన్నీ చావనక్కర్లేదు. ఒక హద్దు కిందికి తగ్గితే చాలు, మలేరియా తనంతట తనే అడుగంటుతుంది. మారిషస్ మీద 1908లో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క మొదలుపెట్టాడు, 1911లో పుస్తకంలో పెంచాడు, 1917లో హిల్డా హడ్సన్ అనే గణితవేత్తతో కలిసి ఇంకా ముందుకు తీసుకుపోయాడు.

ఇప్పుడు నా ప్రశ్న వెయ్యి. ఏం వదిలేశాడు? ఏ దోమను రెక్కల మీది చుక్కలతో గుర్తుపట్టి, సికింద్రాబాద్ ఉక్కపోతలో మైక్రోస్కోపు మీద వంగి కళ్లు కాయలు కాయించుకున్నాడో, దాని చుక్కలనే లెక్కలోంచి తీసేశాడు! కనిపెట్టడానికి చుక్కలు కావాలి, లెక్కకు దోమ ఒక అంకె అయితే చాలు. ఇలా వదిలేయడానికి ఎంత ధైర్యం కావాలో, రాసిన పేరా కొట్టేసిన రోజు నీకు తెలుస్తుంది.

రాస్ వెంట 1901లో సియెర్రా లియోన్ వెళ్లిన కుర్ర డాక్టరు మెకెండ్రిక్. ఇతను 1927లో కెర్మాక్ అనే శాస్త్రవేత్తతో కలిసి రాసిన సమీకరణాలే మనం కరోనా రోజుల్లో టీవీల్లో చూసిన గీతలకు తాతముత్తాతలు. జనాన్ని మూడు కుప్పలు చేస్తారు: జబ్బు రాగలవాళ్లు, జబ్బులో ఉన్నవాళ్లు, కోలుకునో చనిపోయో లెక్కలోంచి వెళ్లిపోయినవాళ్లు. ఆ గీతను వాళ్లు సరిచూసుకున్నది 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతో. చక్కగా అతికింది. కానీ బొంబాయి ప్లేగు ఎలుకలది, వాటి ఒంటి మీది పురుగులది. ఆ ముక్క వాళ్లకూ తెలుసు, వ్యాసంలో ఒప్పుకున్నారు. అయినా సమీకరణంలో ఎలుక లేదు. ఎలుక లేకుండానే గీత కలిసింది! గీత కలిస్తే కారణం దొరికినట్టేనని నువ్వు తొమ్మిదో పేజీలో రాసినదాన్ని ఈ ఒక్క ఎలుక కొరికి పారేస్తుంది.

ఫైనాన్షియల్ మోడలింగ్ నాకు పెద్దగా ఎక్కదు, త్వరగా దాటేస్తాను. 1998లో అమెరికాలో లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ కుప్పకూలింది. దాని భాగస్వాముల్లో అంతకు ముందటి ఏడాదే నోబెల్ అందుకున్న ఇద్దరు ఆర్థికవేత్తలున్నారు. కిందటి ఏళ్ల ధరల మీద కట్టిన లెక్కలు, రష్యా అప్పులు ఎగ్గొట్టిన ఆగస్టులో తలకిందులయ్యాయి. మీ అమ్మను ఆ ఆఫీసులో ఒక్కరోజు కూర్చోబెడితే మొదటి ప్రశ్న ఏం అడిగేదో నీకు తెలుసు. ఆరో పేజీలోని ఆ రెండు వాక్యాలు అక్కడ ఎందుకు వచ్చి పడ్డాయో నీ బుర్రకు తెలియకపోయినా నీ చేతికి తెలిసినట్టుంది.

వాతావరణం గురించి రాస్తూ కంప్యూటర్ల దగ్గరే మొదలుపెట్టావు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దగ్గర మొదలుపెట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఆరు గంటల వాతావరణాన్ని చేత్తో లెక్క కట్టాడు. గాలి ఒత్తిడి 145 మిల్లీబార్లు పెరగాలని తేలింది. నిజానికి ఆ రోజు అది దాదాపు కదలనే లేదు. 1922లో పుస్తకం వేసినప్పుడు ఆ తప్పును దాచకుండా అచ్చేశాడు. అంతకు ముందు, 1917లో, యుద్ధం మధ్య రాతప్రతి పోయింది. కొన్ని నెలల తర్వాత బెల్జియంలో బొగ్గుల కుప్ప కింద దొరికింది.

నాది దొరకలేదు. రెండేళ్లు కూర్చుని రాసిన ఫౌండ్రీ నవల ఒక వారపత్రికకు ఇచ్చాను, ఒక్కటే కాపీ. ఆరు నెలలు తిరిగాను. ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయిందన్నారు, టీ ఇచ్చి పంపించారు. ఆ టీ కూడా చల్లారిపోయింది. ఇప్పటి పత్రికలు పోగొట్టవు, ఐదు పాయింట్లుగా చేసి ఇమ్మంటాయి. ఏది నయమో చెప్పలేను.

ఏఐ గురించి ఒక అధ్యాయం పెట్టాలా అని అడిగావు. పెట్టు, కానీ పొగడ్తతోనూ భయంతోనూ మొదలుపెట్టకు. 1913లో మార్కోవ్ అనే గణితవేత్త ఒక రష్యన్ కావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు ఎన్నిసార్లు వచ్చింది అని చేత్తో లెక్కపెట్టాడు. కావ్యంలోంచి అర్థం మొత్తం వదిలేశాడన్న మాట. మాట వెంట ఏ మాట వస్తుందో లెక్కగట్టే నేటి ఏఐ భాషా నమూనాల వంశవృక్షంలో ఆయన పైకొమ్మ మీద ఉంటాడు. అక్కడి నుంచి నువ్వే దిగిరా.

నీ కాగితాలు ఈ కవరులోనే వెనక్కి పంపుతున్నాను. ఆరో పేజీ మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. జిరాక్స్ తీసుకునే ఉంటావు కదా? మళ్లీ రాసేముందు అమ్మ దగ్గర ఒక పూట కూర్చో. ఆది పాతదని తేలితే ఆమె ఏం చేస్తుంది? లోపల కుట్టు గుడ్డ ఎక్కువ వదులుతుందా? వదిలితే ఎంత, ఏ వైపు? ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసి పంపు.