ప్రతి రేవులోనూ ఓడవారి టూరే కొనుక్కోవాలా?

మొదటిసారి క్రూయిజ్‌కు వెళ్తున్న మీరు, ప్రతి రేవులోనూ ఓడవారు అమ్మే టూర్లే కొనుక్కోవాలా, సొంతంగా తిరిగితే ప్రమాదమా అని అడిగారు. అన్ని రేవులకూ ఒకే నియమం పెట్టుకోకుండా, ఓడ ఆగే చోటికీ మీరు చూడదలచిన చోటికీ మధ్య ఎంత దూరమో ముందుగా చూసుకోండి. ప్రయాణ పట్టికలో రోమ్ అని రాసి ఉన్నా, ఓడ ఆగేది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని చివిటవెక్కియాలో; పారిస్ కోసం ఆగే లె ఆవ్ర్ నుంచి ఆ నగరం దాదాపు 200 కిలోమీటర్లు. ఇలాంటి చోట్ల ఓడవారి టూరే తీసుకోమని గట్టిగా చెబుతాను. ఎందుకంటే దారిలో బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆ బృందం కోసం వేచి ఉంటుంది, లేదా వారిని తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు చేస్తుంది. సొంతంగా వెళ్లినవారికి ఆ భరోసా ఉండదు.

అదే మాల్టాలోని వలెట్టాలో అయితే టూరు కొనడం నాకు అనవసరమనిపిస్తుంది. రేవుకు దగ్గరలోనే లిఫ్టు ఎక్కితే కోటగోడ మీది తోటలోకి చేరతారు, అక్కడి నుంచి పట్టణమంతా నడిచే చూడవచ్చు.

గ్రీసు దీవి శాంటొరినిలో మాత్రం ఓడ సముద్రంలోనే నిలుస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. సాయంత్రం కొండ మీది ఫిరా పట్టణం నుంచి కిందికి దిగే కేబుల్ కారు దగ్గర వరుస చాలా పొడవుగా ఉంటుంది కనుక, తిరుగు ప్రయాణానికి కనీసం రెండు గంటలు అట్టే పెట్టుకోండి. కొన్నిసార్లు ఓడ సమయమూ స్థానిక సమయమూ వేరుగా ఉంటాయి, కాబట్టి దిగే ముందు మీ చేతి గడియారాన్ని ఓడ సమయంతో సరిచూసుకోండి.