కొత్త ఫోను కొన్న అమ్మలుకి

అమ్మలూ,

కొత్త ఫోను కొన్నావని సంతోషించేలోపే, దానికి ఛార్జింగ్ పెట్టడానికి భయపడి చస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎనభై దాటగానే పరుగెత్తుకెళ్లి ప్లగ్గు పీకేస్తున్నావట. ఇరవైకి దిగితే టెన్షన్ అట. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తల్నుంచీ వాటిని విప్పి బాగుచేసిన చేతులు నావి, అందుకే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. "పూర్తిగా అయిపోయేదాకా వాడి, అప్పుడు నిండా ఛార్జింగ్ పెట్టాలి" అని మీ అందరికీ నూరిపోసింది నేనే. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇప్పుడున్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది. వీటికి పునాది వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది, అందులో గుడినఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లు! అన్నేళ్లలో బ్యాటరీ మారింది గానీ నా నోరు మారలేదు. వీటిని సున్నా దాకా దించడం మంచిది కాదు. సగంలో ఉన్నప్పుడు కాసేపు పెట్టి తీసేయడం వీటికి సుఖం.

మాటిమాటికీ ప్లగ్గు పెడితే ఛార్జింగ్ సైకిళ్లు (నూరు శాతం వాడి నింపితే ఒక సైకిల్) అయిపోతాయని అనుకుంటున్నావేమో. లెక్క అలా కాదు. ఈరోజు సగం వాడి నింపావు, రేపు మళ్లీ సగం వాడి నింపావు, రెండూ కలిపితే ఒక సైకిల్. ఐఫోన్ 14 దాకా వచ్చిన ఫోన్ల బ్యాటరీ 500 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా చేశామని, 15 నుంచి అది 1000 సైకిళ్లని ఆపిల్ చెబుతుంది. అంటే నువ్వు ఎంత ముద్దుగా చూసుకున్నా అది అరుగుతుంది. అరిగాక బ్యాటరీ మార్పించుకుంటే ఫోను మళ్లీ కొన్నాళ్లు నడుస్తుంది.

నువ్వు నిజంగా భయపడాల్సింది వేడికి. నా బల్ల మీదికి వచ్చిన ఉబ్బిన బ్యాటరీల కథలు అడిగితే చాలావరకు ఇవే: ఛార్జింగ్‌లో పెట్టి గంటల తరబడి గేములు, దిండు కింద పెట్టుకుని నిద్ర, ఎండలో నిలిపిన కారులో మర్చిపోవడం. నిండా ఛార్జింగ్ ఉన్నప్పుడు లోపల వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, దానికి వేడి కూడా తోడైతే లోపలి రసాయనాలు తొందరగా పాడవుతాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోను చేతికి చురుక్కుమంటే కవర్ తీసేసి, ఆట ఆపి, గట్టి బల్ల మీద పెట్టు. వైర్‌లెస్ ఛార్జింగ్‌తో వేడి మరికాస్త ఎక్కువ, అది కూడా గుర్తుంచుకో.

ఇక ఆ ఎనభై సంగతి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గరకి వెళితే ఎనభై దగ్గరే ఆపేసే వీలు చాలా ఫోన్లలో ఉంది. అది ఆన్ చేసి మర్చిపో, నువ్వు కాపలా కూర్చోనక్కర్లేదు. ప్రయాణం ఉన్న రోజు మాత్రం నిశ్చింతగా వందకి నింపుకో. రాత్రంతా పెట్టినా నిండగానే ఫోనే ఛార్జింగ్ ఆపుకుంటుంది, కాకపోతే పరుపు మీద వద్దు. ఫాస్ట్ ఛార్జింగ్ గురించి కూడా అంత బెంగ అక్కర్లేదు, ఎనభై దాటాక అదే నెమ్మదిస్తుంది. ఛార్జర్ మంచిదై ఉండాలి, తెగిన వైరుకి టేపు చుట్టి వాడొద్దు. (మీ నాన్న వాడతాడు. వాడికీ చెప్పు.)

వెనక ఉన్న యాప్‌లన్నీ పైకి తోసేసి మూసే అలవాటు కూడా మానేయ్. వాటిని మళ్లీ మొదట్నుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చు. స్క్రీన్ వెలుతురు తగ్గించు, సిగ్నల్ అందని చోట ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. స్క్రీన్ వెలుతురు, సిగ్నల్ కోసం ఫోను వెతుకులాట, రోజువారీ ఛార్జింగ్‌ని బాగా తినేవాటిలో ఇవి రెండు.

ఎప్పుడైనా స్క్రీన్ అంచు పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, గుచ్చకు, చెత్తబుట్టలో అసలే వేయకు. తిన్నగా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లు. ఒకసారి నేను తెలివి ఎక్కువై ఇనుప పనిముట్టుతో అలాంటిదాన్ని లేపబోతే బుస్సుమని పొగ వచ్చింది. పక్కనే ఇసుక డబ్బా ఉంది కాబట్టి బల్ల మిగిలింది. కనుబొమ్మలు తిరిగి మొలవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అన్నట్టు, నీ పాత ఫోను బీరువాలో పడేశావట. సున్నాలో నెలల తరబడి వదిలేస్తే అది మళ్లీ లేవకపోవచ్చు. సగం దాకా ఛార్జింగ్ పెట్టి, స్విచ్చాఫ్ చేసి దాచు, ఆరు నెలలకోసారి తీసి చూడు. మీ నాన్నమ్మ ఫోటోలు అందులోనే ఉన్నాయన్నావు కదా, ముందు అవి కొత్త దాంట్లోకి ఎక్కించి నాక్కూడా పంపు.

మీ పెదనాన్న