ఫోమ్ గోడకి ఏ సైడింగ్? చదరపు అడుగు ధర ఒక్కటే చూడకండి

ప్రశ్న: థర్మోకోల్ లాంటి ఫోమ్ దిమ్మెల మధ్య కాంక్రీట్ పోసే పద్ధతిలో ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలు లేచేసరికే చేతిలో డబ్బు చాలావరకు అయిపోయింది. బయటి వైపు తొడుగుకి, అంటే సైడింగ్‌కి, వినైల్ (ప్లాస్టిక్ రేకులు), ఫైబర్ సిమెంట్ (పీచు కలిపిన సిమెంట్ పలకలు), యాక్రిలిక్ స్టకో (గోడ మీద వేసే పూత) కొటేషన్లు తెచ్చుకున్నాం. తక్కువలో ఏది మేలు? అప్పు చేసైనా మంచిది వేయించుకోవాలా?

జవాబు: అప్పు వద్దండీ. బలానికీ, వేడీ చలీ ఆపడానికీ మీరు డబ్బు ఇప్పటికే పెట్టేశారు, అవి గోడలోనే ఉన్నాయి. ఇక సైడింగ్ చేయాల్సిన పనులు రెండే: ఫోమ్‌ మీద ఎండ పడనివ్వకపోవడం, వాన నీటిని కిందికి జార్చేయడం. కొటేషన్‌లో వెనక ఫోమ్ అతికించిన వినైల్ రాసి ఉంటే మామూలు రకానికి మార్పించండి. లేకపోతే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టినట్టే. ఇటుక తొడుగు కూడా, దాని బరువు మోసే అంచు పునాదిలో ముందే పోసి ఉంటే తప్ప, ఆలోచించకండి.

ముందు కొలత మీరే తీసుకోండి. చుట్టుకొలత 140 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుంటే 1,400 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలకి 200 తీసేస్తే 1,200. తరుగు 10 శాతం కలిపితే 1,320. ముగ్గురి కొటేషన్లూ ఈ ఒక్క అంకె మీదే ఉండాలి. పరంజా, మూలల పట్టీలు, నీరు లోపలికి దిగకుండా కిటికీల పైన వేసే పట్టీ (ఫ్లాషింగ్) అందులో కలిశాయో లేదో అడగండి. తక్కువ ధర చెప్పి, పని మధ్యలో ‘ఎక్స్‌ట్రా’ అనేది ఎక్కువగా వీటి దగ్గరే.

వినైల్‌కి మొదటి ఖర్చు తక్కువ, రంగులతో పని లేదు. బిగింపులోనే జాగ్రత్త. ఫోమ్ మేకుని పట్టదు, దిమ్మె లోపలున్న ప్లాస్టిక్ పట్టీ స్క్రూని పడుతుంది. పట్టీలు 8 అంగుళాలకి ఒకటి ఉంటే, ఒకటి విడిచి ఒకటికి, అంటే 16 అంగుళాలకి ఒక స్క్రూ. వరుస ఎత్తు 8 అంగుళాలైతే 1,200 చదరపు అడుగులకి సుమారు 1,350 తుప్పు పట్టని స్క్రూలు కావాలి. స్క్రూ వినైల్ రేకు అంచున ఉన్న గాడి మధ్యలో దిగాలి, తల కింద ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. గట్టిగా బిగిస్తే ఎండకి సాగే చోటు లేక రేకు అలలు తేలుతుంది. కొన్ని రకాల దిమ్మెల్లో మూలల దగ్గర పట్టీ ఉండదు, అక్కడ ఏం చేస్తారో ముందే అడగండి.

ఫైబర్ సిమెంట్ మంటకి తట్టుకుంటుంది. పక్క ఇల్లు బాగా దగ్గరగా ఉంటే నేను దీని వైపే మొగ్గుతాను. కానీ బరువు ఎక్కువ, కూలీ ఎక్కువ, కొన్నేళ్లకోసారి రంగు తప్పదు. ఆ రంగు ఖర్చుని ఏళ్లతో భాగించండి. 12 ఏళ్లకోసారి వేయాల్సొస్తే 144 నెలలు, ఆ వాటా నెలనెలా పక్కన పెట్టగలిగితేనే దీనికి వెళ్లండి.

మీ గోడకి సహజంగా అమరేది యాక్రిలిక్ స్టకో. మామూలు గోడ మీదైతే ముందు ఫోమ్ షీట్లు కొని అతికించాలి, మీకు ఆ ఖర్చు లేదు. కొటేషన్‌లో ఫోమ్ షీట్ల పద్దు ఉంటే కొట్టేయించండి. ఫోమ్‌ని రాపిడి పెట్టి చదును చేయడం, బేస్ కోటు, అందులో పూర్తిగా మునిగేలా ఫైబర్‌గ్లాస్ మెష్, ఆపైన ఫినిష్ కోటు, ఇదీ వరుస. పిల్లలు బంతి కొట్టే ఎత్తు వరకు మెష్ రెండు పొరలు వేయించండి. కిటికీ చుట్టూ నీరు దిగకుండా సందులు మూయడం వదిలేస్తే కాంక్రీట్‌కి ఏమీ కాదు గానీ, కిటికీ బిగించిన చెక్క చట్రం లోలోపల కుళ్లిపోతుంది. ఆ మరమ్మతు ముందు మిగిల్చిందంతా మింగేస్తుంది.

నా మాట: స్టకో పనిలో చేయి తిరిగిన మేస్త్రీ దొరికితే అదే వేయించండి, దొరక్కపోతే వినైల్. డబ్బు కూడే దాకా గోడని ఊరికే వదిలేయకండి. ఎండకి ఫోమ్ పసుపెక్కి, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. ఆ పొడి మీద బేస్ కోటు పట్టదు, మొత్తం గీకించాలి. ఆలస్యం తప్పదనుకుంటే ఎండ సోకకుండా ఇవాళే మందపాటి టార్పాలిన్ కప్పించండి.