ఎంజైములకీ ఫిట్స్‌కీ సంబంధం ఏమిటి?

అమలాపురంలో మీ అక్క పాపకి ఫిట్స్ వస్తుంటే డాక్టరు గారు ఎంజైమ్ లోపమేమో చూడాలన్నారని, తిండి అరిగించే ఎంజైముకి మెదడులో పనేమిటని అడిగారు. అరిగించడం ఒక్కటే కాదండీ వాటి పని, ఒంట్లో ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంగా మార్చేవన్నీ ఎంజైములే.

మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం నరాల కణాలను ఉసిగొల్పుతుంది, గాబా అనే ఇంకో రసాయనం వాటిని నెమ్మదింపజేస్తుంది. తమాషా ఏమిటంటే ఆ గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే. ఆ మార్పు చేసే ఎంజైమ్ పేరు జీఏడీ, దానికి బీ6 విటమిన్ తోడు లేనిదే పని సాగదు. లాకుల దగ్గర తలుపులు పట్టించుకునేవాళ్లు లేకపోతే మన కాలువ గట్టు దాటి పొంగినట్టే, గాబా తగ్గితే కణాలు గుంపుగా రెచ్చిపోయి ఫిట్స్ వస్తాయి. టీబీకి వాడే ఐసోనియాజిడ్ మాత్రలు మోతాదు మించి మింగినవాళ్లకి ఫిట్స్ వచ్చేది ఇందుకే, ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు కూడా బీ6 ఇంజెక్షనే.

కొందరు పిల్లల్లో పుట్టుకతోనే, మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లం లైసిన్‌ని విడగొట్టే ఎంజైమ్ పనిచేయదు (ఏఎల్‌డీహెచ్7ఏ1 జన్యువులో లోపం). అప్పుడు పేరుకుపోయిన పదార్థం బీ6ని పట్టేసుకుంటుంది. మామూలు మందులకి లొంగని ఆ ఫిట్స్ బీ6 ఇస్తే ఆగుతాయి. అరుదే, కానీ పసిపిల్లల విషయంలో ముందే అనుమానించాలి.

గాబాని విడగొట్టే ఎంజైమ్ కూడా ఉంది, విగాబాట్రిన్ అనే ఫిట్స్ మందు దాన్నే ఆపి గాబా తగ్గకుండా చూస్తుంది. ఆ మందుతో చూపు అంచులు తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి కంటి పరీక్షలు తప్పవు.

అందరి ఫిట్స్‌కీ ఎంజైమే కారణం కాదు, సొంతంగా బీ6 కొని వేయకండి. చేతిలో ఇనప తాళాలు పెట్టడం వల్ల ఏ ఎంజైమూ మారదు, పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు, అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి.