రూముల్లేవన్న మాట వెనక

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. కళ్ళద్దాలు వెతుక్కుని చూసేసరికి పది దాటింది, అందుకే ఫోన్ చెయ్యలేదు. అమెరికాలోని డిస్నీ వరల్డ్ పార్కుల దగ్గర హోటళ్ళలో డిసెంబర్ 24 నుంచి 29 దాకా ఆరుగురికి ఎక్కడా రూముల్లేవని వచ్చిందని ఏడుపు బొమ్మ పెట్టావు. దాని కింద "ట్రిప్ మానేద్దామా పెదనాన్నా" అని ఇంకో మెసేజ్. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు నీకు, పిల్లలు మధ్యలో లాక్కుంటారు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి హోటళ్ళలో ఫ్రంట్ ఆఫీసులో నిలబడ్డాను. "సారీ అండీ, రూముల్లేవు" అన్న మాట ఎన్ని వేలసార్లు అని ఉంటానో. అందులో నిజంగా ఒక్క గదీ ఖాళీ లేని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అబద్ధం ఆడానని కాదు. నువ్వడిగిన రోజులకి, నువ్వడిగినంతమందికి, నీకు అమ్మడానికి నా చేతిలో గది లేదని ఆ మాటకి అర్థం. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కదిపినా జవాబు మారిపోతుంది. నువ్వు ఆ మూడూ కదపకుండా అదే ప్రశ్న ఏడుసార్లు అడిగావు, కంప్యూటర్ ఏడుసార్లూ అదే చెప్పింది.

ముందు మనుషుల లెక్క చూద్దాం. మీరిద్దరు, పిల్లలిద్దరు, మీ అత్తగారు, అట్లాంటా నుంచి వచ్చే మీ తమ్ముడు. ఆరుగురు. అక్కడ చవక రకం హోటళ్ళలో, అంటే వాళ్ళు వేల్యూ అంటారు, మామూలు గదికి నలుగురే. పాప్ సెంచురీ అని ఒకటుంది, దానికొక్కదానికే 2,880 గదులు. మన బీచ్ రోడ్డు హోటళ్ళన్నీ కలిపి అందులో పడేసినా ఇంకా చోటు మిగులుతుంది. అయినా నువ్వు ఆరుగురని కొట్టగానే ఆ 2,880 గదులూ నీ కంటికి కనపడకుండా పోతాయి. మిగిలేవి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లోని 1,120 ఫ్యామిలీ సూట్లు, ఆల్‌స్టార్ మ్యూజిక్‌లో మరికొన్ని, ఆపైన మనం అందుకోలేని విల్లాలూ క్యాబిన్లూ. క్రిస్మస్ వారంలో ఆ సూట్ల కోసం అమెరికాలో ఉన్న పెద్ద కుటుంబాలన్నీ ఎగబడతాయి. అందుకే నీకు సున్నా చూపించింది.

ముగ్గురూ ముగ్గురూ చొప్పున రెండు గదులకి అడిగి చూడు. ఒకదాంట్లో నువ్వు, మీ అత్తగారు, పాప. రెండోదాంట్లో అల్లుడు, బాబు, మీ తమ్ముడు. చాలాసార్లు రెండు చిన్న గదుల ధర ఒక సూట్ ధరకి అటూఇటూగానే వస్తుంది, పైగా బాత్రూములు రెండు. మీ అత్తగారు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి స్నానం చేసే మనిషి, ఆ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. పక్కపక్క గదులు కావాలని చెక్-ఇన్ రోజున కాదు, బుక్ చేసిన వెంటనే ఫోన్ చేసి రాయించు. మా ఫ్రంట్ ఆఫీసులో ముందే రాసి ఉన్న కోరిక ఒక రకం, కౌంటర్ దగ్గర సూట్‌కేసులతో నిలబడి అడిగేది ఇంకో రకం. మొదటిదానికి మేము ముందు రోజు రాత్రే తాళాలు పక్కన పెట్టేవాళ్ళం.

ఇక రోజుల లెక్క. ఐదు రాత్రులు ఒకేసారి అడిగితే మధ్యలో ఒక్క రాత్రి నిండిపోయినా మొత్తం లేదనే చూపిస్తుంది. 2018లో మీ అక్క టాంపాలో ఉన్నప్పుడు నేనూ మీ దొడ్డమ్మా వెళ్ళాం కదా, అప్పుడు మాకూ ఇలాగే లేవన్నారు. నేను ఒక్కో రాత్రి విడివిడిగా వేసి చూశాను. మూడో రాత్రి ఒక్కటే దొరకలేదు. రెండు రాత్రులు ఒక హోటల్, తరవాత ఇంకో హోటల్. సామాను వాళ్ళే రెండో హోటల్‌కి చేర్చారు, మేము పొద్దున్నే పార్కుకి పోయాం. మీ దొడ్డమ్మ ఆ రోజంతా తన ఊరగాయ సీసా ఏమైందోనని బెంగపెట్టుకుంది తప్ప ఇబ్బందేమీ లేదు.

అసలు అక్కడ రద్దీ ఎంతో నీకు తెలియాలి. డిస్నీ కంపెనీ తన వాటాదారులకిచ్చే వార్షిక నివేదికలో హోటళ్ళు ఎంత నిండాయో ఏటా అచ్చువేస్తుంది. అమెరికాలోని వాళ్ళ హోటళ్ళు 2018లో 88 శాతం, 2019లో 90 శాతం నిండాయి. ఏడాది మొత్తం మీద సగటు అది! మా హోటల్లో ఏడాది సగటు 70 దాటితే యజమాని స్వీట్లు పంచేవాడు. సగటే 90 అంటే, ఖాళీ నెలలు కూడా అందులో కలిశాయి కాబట్టి, పండగ వారాల్లో దాదాపు చివరి మంచం దాకా అమ్ముడుపోతుందన్నమాట. డిస్నీ వరల్డ్‌లో సుమారు పాతికవేల గదులున్నా సరే.

కట్టిన గదులన్నీ అమ్మే గదులు కావు, అది కూడా మర్చిపోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు మా హోటల్లో గదులకి గదులు ఉన్నాయి, కిటికీ అద్దాలు లేవు, కరెంటు లేదు. రిజిస్టర్లో వరసగా అవుట్ ఆఫ్ ఆర్డర్ అని రాసుకుంటూ పోయాను. అక్కడా కరోనాకి 2020 మార్చిలో మూసిన ఆల్‌స్టార్ స్పోర్ట్స్ హోటల్ మళ్ళీ తెరిచింది 2022 మార్చి ఆఖర్లో. మామూలు రోజుల్లో కూడా రంగులకనీ మరమ్మతులకనీ ఒక్కో భవనాన్ని వంతులవారీగా మూస్తారు.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను, జాగ్రత్తగా చదువు. 2016 ఫిబ్రవరిలో మన ఊళ్ళో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది, గుర్తుందా? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. నెలల ముందే పెద్దల కోసం గదులు బ్లాక్ చేసేశారు. ఎవరు ఫోన్ చేసినా లేవనే చెప్పాం, ఎందుకంటే అవి మావి కావు. శ్రీకాకుళం నుంచి ఒక డాక్టరుగారు రోజూ ఉదయం తొమ్మిదికి ఫోన్ చేసేవారు. తిట్టరు, బతిమాలరు. "ఏమైనా రిలీజ్ అయ్యాయా అండీ" అంతే. రాని అతిథుల గదులు బ్లాక్ నుంచి తీసి మాకు వెనక్కిచ్చిన రోజున, ఆ ఫోన్ మోగేసరికి నా ముందు పదకొండు గదులున్నాయి. సముద్రం వైపు గది ఆయనకే ఇచ్చాను.

అక్కడా అంతే. కరొనాడో స్ప్రింగ్స్ అనే డిస్నీ హోటల్లో సమావేశాలకి వచ్చే కంపెనీలు, ఆల్‌స్టార్ హోటళ్ళలో పోటీలకి వచ్చే పిల్లల జట్లు, అందరూ ముందే గంపగుత్తగా పట్టేస్తారు, తరవాత కొన్ని వదిలేస్తారు. విడి కుటుంబాలు కూడా రెండు మూడు చోట్ల బుక్ చేసి పెట్టుకుని, డబ్బు పోయే గడువు దగ్గరకొచ్చాక ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తాయి. ఆ గడువులేమిటో తెలిస్తే గదులు ఎప్పుడు రాలతాయో తెలుస్తుంది. పార్కు టికెట్లతో కలిపి ప్యాకేజీ కొన్నవాళ్ళు 30 రోజుల ముందర పూర్తి సొమ్ము కట్టాలి, ఆ తర్వాత మానుకుంటే కోత పడుతుంది. గది మాత్రమే కొన్నవాళ్ళకి చేరే రోజుకి 5 రోజుల ముందు దాకా వెసులుబాటు ఉంటుంది. 24న చేరాలనుకుంటే నవంబర్ 22, 23, 24 తేదీల్లో ఒకసారి, డిసెంబర్ 17, 18, 19 తేదీల్లో ఒకసారి, గట్టిగా చూడాల్సింది అప్పుడు. మిగతా రోజుల్లో పొద్దున్న కాఫీ తాగుతూ ఒకసారి చూస్తే చాలు. రోజుకి యాభైసార్లు చూసి మొహం వేలాడేసుకోకు.

అయినా క్రిస్మస్సే ఎందుకు పట్టుకున్నావు? ఏడాది మొత్తంలో అంత ఖరీదు, అంత జనం ఇంకెప్పుడూ ఉండరు. మన హోటళ్ళకి ముహూర్తాలుంటే పండగ, ఆషాఢం వస్తే ఈగలు తోలుకోవడం. వాళ్ళ ఆషాఢం ఆగస్టు ఆఖర్నుంచి సెప్టెంబర్ నెలంతా, బడులు తెరుచుకుని ఉంటాయి, ఎండ, పైగా తుఫాన్ల కాలం. ఆ నెలలో మీ పిల్లలకి సెలవుల్లేవు కాబట్టి అది వదిలెయ్. కానీ ఇంకో సందు ఉంది. జనవరి మొదట్లో అక్కడ మారథాన్ పరుగు జరుగుతుంది, దానికి హోటళ్ళు నిండుతాయి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, దానికి ముందరి శనాదివారాలు మళ్ళీ నిండుతాయి. ఆ రెంటికీ మధ్య సోమవారం నుంచి గురువారం దాకా కాస్త ఊపిరాడుతుంది. పంచాంగం తీసి చూడు, అవి సరిగ్గా మన సంక్రాంతి సెలవులు!

పండక్కి ఇంట్లో ఉండకుండా దేశాలు పట్టుకుపోతారా అని మీ అమ్మ గొడవ చేస్తుంది. చెయ్యనీ. దాన్ని నాకు వదిలెయ్యి, భోగి రోజున నేనే వెళ్ళి బొబ్బట్లు తిని వస్తానని చెబుతాను.

డబ్బు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ వీసా ఇంకా చేతికి రాలేదు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయి పాస్‌పోర్టులు ఇంటికొచ్చేదాకా ప్యాకేజీ జోలికి పోకు. గది మాత్రమే తీసుకో. ఒక రాత్రి అద్దె, దాని మీద పన్ను ముందు పట్టుకుంటారు, ఐదు రోజుల ముందు దాకా మానుకున్నా అది వెనక్కొస్తుంది. ఆ పన్ను కూడా 12.5 శాతానికి తక్కువ కాదు, తెర మీద కనపడే ధరకి అది కలుపుకుని చూసుకో. టికెట్లు తరవాత కొనుక్కోవచ్చు. అల్లుడి స్నేహితుడెవరో డిస్నీ వాళ్ళ వెకేషన్ క్లబ్‌లో, అంటే ముందే డబ్బు కట్టి ఏటా బసకి పాయింట్లు తీసుకునే సభ్యుల క్లబ్‌లో, పాయింట్ల మీద విల్లా సగం ధరకి ఇప్పిస్తానన్నాడన్నావు. ఆ పద్ధతి ఉన్నదే, 1991 నుంచీ నడుస్తోంది, సభ్యులు తమ పాయింట్లు వేరేవాళ్ళకి అద్దెకిచ్చుకుంటారు. వంటిల్లున్న విల్లా అయితే మీ అత్తగారికి పప్పూ అన్నం వండిపెట్టొచ్చు కూడా. కానీ మామూలుగా అలా కట్టిన డబ్బు వెనక్కి రాదు. వీసా లేకుండా ఆ పని చేశావంటే ఈసారి గొడవ చేసేది నేను.

డిస్నీ సైట్లో ఏ రకంగా అడిగినా లేవన్నదనుకో, స్వాన్, డాల్ఫిన్ అని రెండు హోటళ్ళు డిస్నీ స్థలంలోనే ఉన్నాయి. 1990లో కట్టారు. నడిపేది మారియట్ వాళ్ళు, కాబట్టి వాటి గదుల లెక్క వేరు, మారియట్ సైట్లో విడిగా చూడాలి. హోటల్ అతిథులకి పార్కులోకి అరగంట ముందు పంపించే సదుపాయం వాటికీ ఉంది. అదీ దొరక్కపోతే గేటు బయట బోలెడు హోటళ్ళు. మీ తమ్ముడు అట్లాంటా నుంచి ఆరేడు గంటలు కారు నడుపుకుని ఎలాగూ వస్తున్నాడు, కారుంటే బయట ఉన్నా ఫరవాలేదు. విమానాశ్రయం నుంచి డిస్నీ వాళ్ళ ఉచిత బస్సు ఉంటుందని ఎవరైనా చెబితే అది పాత మాట, 2022 మొదట్లోనే తీసేశారు.

లోపలే దొరికితే మాత్రం మీ అత్తగారి మోకాళ్ళు చూసి ఎంచుకో. పాప్ సెంచురీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ దగ్గర్నుంచి తీగల మీద నడిచే పెట్టెలుంటాయి, స్కైలైనర్ అంటారు, మన కైలాసగిరి రోప్‌వే లాంటిదే కానీ చాలా పెద్దది. మధ్యలో ఒకచోట మారి రెండు పార్కులకి వెళ్ళొచ్చు. ఆల్‌స్టార్‌కి బస్సే గతి. పది ఇరవై డాలర్ల తేడా ఉంటే స్కైలైనర్ ఉన్నదే తీసుకో.

చేరే రోజున పొద్దుపోయి వెళ్ళాల్సి వస్తే ముందే ఫోన్ చేసి చెప్పండి. ఇది నేను చేసిన పాపం వల్ల చెబుతున్నాను. దసరా రోజుల్లో బెంగాలీలు మన ఊరికి వరద కట్టేవాళ్ళు కదా, ఆ రోజుల్లో నేను పనిచేసిన ఒక హోటల్లో నూరు గదులుంటే నూట ఆరు అమ్మేవాళ్ళం, ఆరుగురైనా రాకపోతారా అని. ఒక ఏడాది అందరూ వచ్చారు. హౌరా నుంచి రైలు ఆలస్యమై రాత్రి పదకొండున్నరకి దిగిన కుటుంబాన్ని, చేతిలో మా రసీదే ఉన్నా, డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జికి పంపాను. ఆ ఇంటి ముసలావిడ రిసెప్షన్ ముందు పెట్టె మీద కూర్చుని నన్నేమీ అనలేదు, మంచినీళ్ళు మాత్రం అడిగింది. సాయంత్రం ఆరింటికి వాళ్ళు ఒక్క ఫోన్ చేసి ఉంటే గది వేరేవాళ్ళకి వెళ్ళేది కాదు. తప్పు వాళ్ళది కాదు, మాదే. అయినా ఆ ఫోన్ పని చేసేది.

ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రా, అల్లుడి లాప్‌టాప్ కూడా తెచ్చుకో. రెండు గదులు, ఒక్కో రాత్రి విడివిడిగా, డిసెంబర్‌కీ జనవరికీ కూర్చుని చూద్దాం. మధురవాడ నుంచి వచ్చేటప్పుడు దారిలో రుషికొండ దగ్గర తాటిముంజలు కనిపిస్తే డజను పట్టుకురా, మీ దొడ్డమ్మ అడుగుతోంది.

మీ పెదనాన్న