సారె మంచానికి పుచ్చు పడితే దుకాణదారుడి పూచీ ఎంత?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. గత మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లికి సారెలో పెట్టడానికి శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఫర్నిచర్ దుకాణంలో టేకు మంచం కొన్నాము. ధర 86,000 రూపాయలు. అందులో 50,000 ఫోన్‌లో పంపాను, మిగతాది నగదుగా ఇచ్చాను. పక్కా బిల్లు ఇవ్వలేదు. దుకాణం ముద్ర వేసి ఎస్టిమేటు చీటీ ఇచ్చారు. దాని అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉంది. మంచం ఇప్పుడు బరంపురంలో మా వియ్యంకుల ఇంట్లో ఉంది. శ్రావణంలో దాని కింద పిండి రాలడం మొదలైంది. తలవైపు పలక నిండా సన్నని రంధ్రాలు. దుకాణదారుడు వచ్చి చూడనైనా లేదు. ‘ఆ ఇంట్లో చెమ్మ ఉంది, చెదలు పట్టాయి, నాకు సంబంధం లేదు’ అంటున్నాడు. వియ్యపురాలు కిరోసిన్ పూయిద్దామంటున్నారు. వాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాము. అతని మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ముందు ఆ కిరోసిన్ డబ్బా పక్కన పెట్టించండి. పురుగుమందు కూడా ఇప్పుడే వద్దు. మీ కేసులో అసలు సాక్షి ఆ మంచమే. దానికి మీరే ఏదో ఒకటి పూస్తే రేపు అవతలి వకీలు ‘మేము అమ్మినప్పుడు ఇలా లేదు, వీళ్లే పాడుచేశారు’ అని మొదలుపెడతాడు. ఆ అవకాశం అతనికి ఇవ్వకండి.

మీరు రాసిన గుర్తులను బట్టి అది చెదల పని కాదు. మన ఇళ్లలో మామూలుగా కనిపించే చెదలు నేల నుంచో గోడ నుంచో మట్టి దారులు కట్టుకుంటూ వస్తాయి. సన్నని గుండ్రటి రంధ్రం, దాని కింద వేళ్ల మధ్య టాల్కం పౌడరులా జారిపోయే మెత్తటి పిండి కనిపిస్తే అది పుచ్చు పురుగే. పౌడర్‌పోస్ట్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు ఇలాంటి పిండి రాలుస్తుంది. చేవ, అంటే కర్ర నడుమ ఉండే గట్టి భాగం, దాని చుట్టూ ఉండే తెల్లటి భాగంలోని పిండిపదార్థమే దీని ఆహారం. టేకు చేవ జోలికి ఇది రాదు. కాబట్టి మీ మంచంలో చేవ లేని చెక్క వాడి ఉండాలి, లేదా వేరే కర్రకు టేకు రంగు పూసి ఉండాలి. ఈ రెండింటికీ చట్టంలో తేడా ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

దుకాణదారుడి వాదన ‘పురుగు మీ ఇంట్లో పట్టింది’ అని. దీనికి జవాబు ఆ రంధ్రాల్లోనే ఉంది. పురుగు లోపలికి దూరిన దారి అది అనుకుంటాం గానీ, నిజానికి అది బయటికి వచ్చిన దారి. తల్లి పురుగు పాలిష్ వేయని చెక్క పైన తెరుచుకుని ఉన్న సన్నని రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పాలిష్ వేస్తే అవి మూసుకుపోతాయి, ఇక అక్కడ గుడ్లు పెట్టలేదు. లోపలి పిల్ల పురుగు నెలల తరబడి చెక్క తింటుంది, పెరిగి పెంకు పురుగై పాలిష్‌ను తొలుచుకుని బయటపడుతుంది. ఇదంతా మన వేడి వాతావరణంలో కొన్ని నెలలకే జరగవచ్చు, ఒక్కోసారి ఏడాది కూడా దాటవచ్చు. పాలిష్ ఉన్న తలవైపు పలక మీద ఆరు నెలలకే రంధ్రాలు కనిపించాయంటే, పాలిష్ వేయకముందే చెక్కలో గుడ్లు ఉన్నాయనే వాదనకు బలం ఎక్కువ. అప్పటికి మంచం మీ వియ్యంకుల గడప తొక్కలేదు.

ఒక బలహీనత కూడా చెప్పాలి. రంధ్రాలు పాలిష్ లేని అడుగు చెక్కల మీద మాత్రమే ఉంటే మన వాదన ఇంత గట్టిగా నిలవదు. ఎందుకంటే ఆ చెక్కలో పురుగు దుకాణంలోనైనా, మీ వియ్యంకుల ఇంట్లోనైనా గుడ్లు పెట్టి ఉండవచ్చు. అందుకని ఏ రంధ్రం ఎక్కడ ఉందో ఇప్పుడే నమోదు చేయండి. మంచం కింద శుభ్రంగా తుడిచి నల్ల కాగితం పరిచి, ఆ ఫోటో తీయండి. మర్నాడు పడిన కొత్త పిండినీ ఫోటో తీయండి. పాత రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, కొత్తవి వస్తున్నాయా అని వారం వారం చూడండి. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో మరింత పనికొస్తుంది. పిండినీ, చచ్చిన పురుగులు దొరికితే వాటినీ గాజు సీసాలో వేసి, తేదీ రాసి, ఇంటికి సంబంధం లేని ఇద్దరి చేత సంతకాలు పెట్టించండి.

ఇక చట్టం. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, ఆ సరుకునే అమ్మే వ్యాపారి ‘టేకు మంచం’ అని చెప్పి అమ్మితే అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉంటుందన్నది చెప్పకపోయినా ఉన్నట్లే లెక్క. ‘చూసి కొన్నారు కదా’ అన్న మాట, చూస్తే కనబడే లోపాలకే వర్తిస్తుంది. పాలిష్ కింద దాక్కున్న గుడ్లు ఎవరికి కనిపిస్తాయి? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకా సూటిగా ఉంది. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును వాపసు తీసుకోవడానికి నిరాకరించడమూ అందులోని 2(47) నిర్వచనం కింద అక్రమ వాణిజ్య పద్ధతుల్లోకి వస్తాయి. వాపసుకు గడువు ఏదీ బిల్లులో రాయకపోతే చట్టమే 30 రోజులు ఇచ్చింది. మీ లోపం ఆరు నెలలకు బయటపడింది గనుక ఆ ఒక్క అంశం మీదే ఆధారపడకండి. ‘సరుకులో లోపం’ అన్నదాన్నే ముందు పెట్టండి. చీటీ అడుగున అచ్చు వేసిన వాక్యానికి భయపడనవసరం లేదు. ఒక్క వాక్యం అచ్చు వేయించినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు.

సరిహద్దు జిల్లాల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువమందికి ఒకటే దిగులు: ‘ఆంధ్రాలో కొన్నాం, ఒడిశాలో ఉంటాం, కేసు ఎక్కడ?’ 1986 నాటి పాత చట్టం ఉన్నప్పుడు ఈ దిగులు నిజమే, మామూలుగా దుకాణం ఉన్న చోటికే పరుగెత్తాల్సి వచ్చేది. కొత్త చట్టంలోని 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనూ కేసు వేయనిచ్చింది. కొన్నవారు మీరు గనుక పర్లాకిమిడిలోని గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులే గనుక మీ అమ్మాయి బరంపురంలో వేయవచ్చు. నన్నడిగితే ఇద్దరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయండి, అదీ బరంపురంలో. మంచం అక్కడే ఉంది. కమిషన్ ఎవరినైనా పంపి చూపించాలన్నా, నమూనా తీయించాలన్నా సులువు.

చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పరు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల గడువు ఉంది. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన అవసరమే రాకుండా కొన్న రోజు నుంచే లెక్కపెట్టుకోండి.

పక్కా బిల్లు లేదని వెనకాడవద్దు. ముద్ర ఉన్న చీటీ, ఫోన్‌లో పంపిన 50,000 వివరం, వాట్సాప్ సంభాషణ చాలావరకు సరిపోతాయి. నగదుగా ఇచ్చిన 36,000కు మీ ప్రమాణపత్రం, అక్కడ ఉన్నవారి ప్రమాణపత్రం జతచేయండి. ఫోన్‌లోని ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం పెట్టడం మంచిది. తెలుగు చీటీలకూ సందేశాలకూ ఇంగ్లిష్ లేదా ఒడియా అనువాదం తప్పక జతపరచండి. బరంపురంలో తెలుగు అర్థమయ్యేవాళ్లకు కొదవ లేదు గానీ కమిషన్ రికార్డు తెలుగులో నడవదు.

పైకి చూసి తేల్చలేని లోపమైతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్ నమూనాకు సీలు వేసి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపుతుంది. ఆ పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. దరఖాస్తులో రెండు ప్రశ్నలు అడగండి: ఏ పురుగు, ఏ కర్ర. రెండోది మరిచిపోవద్దు. టేకులోని తెల్ల భాగమైతే అది టేకే, నాసిరకం సరుకు అన్న వాదన మాత్రమే మిగులుతుంది. మరో కర్ర అని తేలితే చెప్పిందొకటి ఇచ్చిందొకటి అవుతుంది, దుకాణదారుడికి తప్పించుకునే దారి బాగా తగ్గిపోతుంది. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. మీరు మాత్రం అంతకన్నా ఎక్కువ ఓపికతోనే బయలుదేరండి.

చీటింగ్ కేసు సంగతి: భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌కు మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. పుచ్చు పట్టిన చెక్క ఒక్కటే దాన్ని రుజువు చేయదు. వేరే కర్రకు తెలిసే రంగు పూసి అమ్మాడని తేలితే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడు పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగితే మీ కాలమే వృథా.

ధర వాపసు, మంచం తీసుకెళ్లే ఖర్చు, మనస్తాపానికి పరిహారం, కేసు ఖర్చులు అడగండి. సారెగా పెట్టిన మంచం వల్ల వియ్యంకుల ఇంట్లో పడిన మాటను దాచుకోకుండా ప్రమాణపత్రంలో రాయండి. అది కూడా నష్టమే. కానీ ‘ఇంటి తలుపులన్నిటికీ పాకింది’ అని లేనిది కలపకండి. పాలిష్ ఉన్న చేవ తలుపులకు ఈ పురుగు పట్టదని అవతలివాళ్లు చూపిస్తే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ఈ పురుగు మనుషుల జోలికి రాదు. అయినా మంచాన్ని వేరే గదిలోకి మార్చి, వెదురు బుట్టలు, పాలిష్ లేని చెక్క సామాను దానికి దూరంగా ఉంచండి.

ముందుగా దుకాణానికి స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. చాలామంది అక్కడే దిగివస్తారు. పాడైన పలక ఒక్కటి మార్చి ఇస్తానంటే ఒప్పుకోకండి. మిగతా ముక్కల్లో ఇంకా బయటపడని పురుగు ఉండవచ్చు. పూర్తి ధర, రవాణా ఖర్చు అతనిదే అని కాగితం మీద రాయించుకోండి. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే మంచాన్ని బండి ఎక్కించండి.