గ్వార్ గమ్ బంకా, జిగురా?

సందేహం: ఐస్‌క్రీమ్ డబ్బా మీది వివరాలను తెలుగు చేసే పని నాకు అప్పగించారు. ‘థికెనర్ – గ్వార్ గమ్, 412’ అన్నచోట ‘సాంద్రీకారకం – గ్వార్ బంక’ అని రాశాను. ఆఫీసులో నవ్వారు. తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం, హైదరాబాద్

సమాధానం: నవ్వినవాళ్లకు బంక విరేచనాలు గుర్తొచ్చి ఉంటాయి. ఆ సంగతి పక్కన పెట్టినా బంక ఇక్కడ అతకదు. చెట్టుకు గాటు పడ్డచోట కారి గట్టిపడేది బంక: తుమ్మబంక, వేపబంక. పోస్టర్లు అంటించే మైదా బంక కూడా ఉందిగా అంటారేమో, దాని పని అతికించడం. గ్వార్ గమ్ చెట్టు నుంచి కారదు, ఐస్‌క్రీమ్‌లో దాని పని అతికించడమూ కాదు. గింజ పైపొట్టూ మొలకా తీసేసి, లోపల మిగిలినదాన్ని మరపట్టిన పిండి అది. నీళ్లు తగిలితే ఉబ్బి జిగురెక్కుతుంది. చిటికెడు చాలు, ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు పెరగనివ్వదు. బెండకాయలో ఉండేదీ జిగురే. కూర చెడితేనే ‘బంకబంకగా అయింది’ అని విసుక్కుంటాం.

ఇంతకీ గ్వార్ అంటే మనకు తెలియని కాయేం కాదు. మీ రైతుబజారులో గోకరకాయ అని అమ్మేదే. కోస్తావాళ్లకు గోరుచిక్కుడు, పాతబస్తీలో గవార్ ఫల్లీ. గోకరకాయ అంటే యాస, గోరుచిక్కుడు అంటే భాష అనేవాళ్లు కనిపిస్తుంటారు. నాకు ఆ తేడా ఎప్పుడూ అర్థం కాలేదు, రెండూ తెలుగే. అచ్చులో గోరుచిక్కుడు ఎక్కువమందికి అలవాటు కాబట్టి ‘గోరుచిక్కుడు గింజల జిగురు’ అనండి. రాజస్థాన్‌లో విరివిగా పండే ఈ పంట గింజల జిగురు అమెరికాలో చమురు బావులకూ వెళ్తుంది. రాతిపొరల్ని చీల్చి చమురు తీసేందుకు లోపలికి ఇసుకను మోసుకెళ్లే నీళ్లు చిక్కగా ఉండాలట, అందుకు.

ఇక సాంద్రీకారకం. స్కూల్లో సైన్సు చదివినవాళ్లకు సాంద్రత అనగానే ఇనుము మునగడం, చెక్క తేలడం గుర్తొస్తాయి. ఇక్కడ ఆ లెక్క లేదు. ఇంగ్లీషువాళ్లు థిక్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మనకు నాలుగున్నాయి. అట్ట మందం, పొగమంచు దట్టం, తాడు లావు, పాలు చిక్కన. కాబట్టి ‘చిక్కబరిచేది’ అంటే చాలు. ‘గట్టిపరిచేది’ అనొద్దు, గట్టిపడితే అది ఐస్ ముక్క. తమాషా ఏమిటంటే, పులుసు చిక్కబడితే ముద్దకొస్తుంది, మనిషి చిక్కితే బక్కపలచనవుతాడు!

డబ్బా మీద చోటు చాలకపోతే గ్వార్ గమ్ అనే ఉంచేయండి, అదీ తెలుగువాళ్ల నోళ్లలో నానుతున్నదే. 412ను మాత్రం వదలొద్దు, ఆహారంలో కలిపే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చే సంఖ్యల్లో గ్వార్ గమ్‌ది అది.